వంటనూనె: ఎంత వాడాలి, ఏది కొనాలి, ఎంత కాచాలి, ఎప్పుడు పారబోయాలి

"ఏ నూనె మంచిది?" అని అడిగినవాళ్లకు ఒక్క పేరు చెప్పి పంపేయడం తేలిక. దానివల్ల ఒరిగేది మాత్రం ఏమీ లేదు. మనిషికి రోజుకు నాలుగు చెంచాలు పోయే ఇంట్లో ఒక నూనె చేసే పని వేరు, అదే నూనె పది చెంచాలు పోయే ఇంట్లో చేసే పని వేరు. ఇక పొగలు కక్కేదాకా కాచి, వడకట్టకుండా నాలుగోసారి వాడితే సీసా మీద ఏ పేరున్నా అది పాడు నూనే. అందుకని ప్రశ్నను మూడు ముక్కలు చేసుకోండి. రోజుకు ఎంత పోతోంది? దేని బదులు వాడుతున్నాం? ఎంత వేడిలో, ఎంతసేపు ఉంచుతున్నాం? ఈ మూడింటికీ జవాబు మీ వంటింట్లోనే దొరుకుతుంది.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు. రెండేళ్ల లోపు పిల్లల తిండిలో కొవ్వు తగ్గించకూడదు, ఈ లెక్కలు వాళ్లకు వర్తించవు. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు) డెసిలీటరుకు 500 మిల్లీగ్రాములు దాటినవాళ్లు, క్లోమం లేదా పిత్తాశయం జబ్బు ఉన్నవాళ్లు తిండిలో కొవ్వు మార్చే ముందు డాక్టరును అడగాలి. కొలెస్టరాల్ మాత్రలు వేసుకునేవాళ్లు నూనె మార్చామని మాత్రలు ఆపకూడదు.

కావలసినవి

- ఒక గ్రాము తేడా చూపే వంటింటి త్రాసు
- 5, 15 మిల్లీలీటర్ల కొలత చెంచాలు (తినే చెంచాలు పనికిరావు, ఒక్కో చెంచా ఒక్కో కొలత)
- 250 డిగ్రీల సెల్సియస్ దాకా చూపే, నూనెలో ముంచే థర్మామీటరు
- సన్న కన్నుల స్టీలు వడపోత, పల్చటి నూలుగుడ్డ లేదా కాఫీ వడపోత కాగితం
- మూత బిగుతుగా ఉండే ముదురు రంగు గాజు సీసాలు రెండు, ఒకటి చిన్నది
- అట్టముక్క, మార్కర్
- మీ తాజా లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) రిపోర్టు

థర్మామీటరును నమ్మే ముందు మరిగే నీళ్లలో ముంచి చూడండి. సముద్రమట్టానికి దగ్గర ఊళ్లలో 100 చూపాలి. ఎత్తు ప్రతి 300 మీటర్లకూ ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది. 96 చూపించాల్సిన చోట 103 చూపిస్తే ఆ ఏడు డిగ్రీలూ ప్రతిసారీ తీసేసుకోండి.

1. పద్నాలుగు రోజులు నూనె తూచండి

ఇంట్లో ఉన్న నూనె, నెయ్యి, వెన్న డబ్బాలన్నీ ఒకేసారి త్రాసు మీద పెట్టి బరువు రాసుకోండి. ఖాళీ డబ్బా బరువు తెలియాల్సిన పని లేదు, మొదట్లోనూ చివర్లోనూ అవే డబ్బాలను తూస్తే సరి. మధ్యలో కొన్నది కలపండి, పారబోసింది తీసేయండి.

ఉదాహరణకు నలుగురున్న ఇల్లు. మొదటి రోజు 2,900 గ్రాములు. మధ్యలో 910 గ్రాముల ప్యాకెట్ ఒకటి కొని డబ్బాలో పోశారు. వేపుడు నూనె 200 గ్రాములు పారబోశారు. పద్నాలుగో రోజు రాత్రి 1,570 గ్రాములు మిగిలింది. 2,900 + 910 – 200 – 1,570 = 2,040. దాన్ని 14తో, మళ్లీ 4తో భాగిస్తే మనిషికి రోజుకు సుమారు 36 గ్రాములు. గ్రాము కొవ్వుకు 9 కేలరీలు కాబట్టి 324 కేలరీలు. పిండిపదార్థానికీ ప్రొటీన్‌కూ గ్రాముకు నాలుగే.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు మిల్లీలీటర్లనూ గ్రాములనూ ఒకటిగా చూడటం. నూనె నీటికంటే తేలిక, లీటరు సుమారు 910–920 గ్రాములు తూగుతుంది. 15 మిల్లీలీటర్ల చెంచాలో పట్టేది దాదాపు 14 గ్రాములు, అంటే 124 కేలరీలు. 5 మిల్లీలీటర్ల చెంచాకు నాలుగున్నర గ్రాములు, 41 కేలరీలు. రెండో పొరపాటు, కొలుస్తున్నామన్న స్పృహతో ఆ రెండు వారాలూ పొదుపుగా వాడటం. లెక్క మీకోసమే కదా, ఎప్పుడూ పోసినంతే పోయండి.

పోల్చుకోవడానికి హద్దులు ఇవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన సూచన ప్రకారం మొత్తం కొవ్వు రోజువారీ కేలరీల్లో 30 శాతం, సంతృప్త కొవ్వు 10 శాతం, ట్రాన్స్ కొవ్వు (దీని సంగతి మూడో అంచెలో) 1 శాతం మించకూడదు. రోజుకు 2,000 కేలరీలు తినేవాళ్లకు అవి వరసగా 67 గ్రాములు, 22 గ్రాములు, 2.2 గ్రాములు. 67లో పైన తేలిన 36 పోగా మిగిలింది 31. పాలు, గుడ్లు, మాంసం, గింజలు, బిస్కెట్లు, బయటి తిళ్లలో కంటికి కనపడని కొవ్వంతా ఈ 31లోనే ఇమడాలి.

2. సంతృప్త కొవ్వు ఎంతో లెక్కకట్టండి

ప్రతి నూనెలోనూ మూడు రకాల కొవ్వులూ ఉంటాయి, పాళ్లే తేడా. కార్బన్ గొలుసులో ద్విబంధం (జంట బంధం) లేనిది సంతృప్తం, ఒకటుంటే ఏక అసంతృప్తం, రెండూ ఆపైన ఉంటే బహు అసంతృప్తం. కింద 100 గ్రాములకు సంతృప్త, ఏక అసంతృప్త, బహు అసంతృప్త కొవ్వులు ఎన్ని గ్రాములో అదే వరసలో ఇచ్చాం. పంటను బట్టి, వంగడాన్ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి.

- కనోలా: 7, 63, 28
- హై ఒలియిక్ పొద్దుతిరుగుడు (ఒలియిక్ అనే ఏక అసంతృప్త ఆమ్లం ఎక్కువున్న రకం): 10, 84, 4
- మామూలు పొద్దుతిరుగుడు: 11, 20, 65
- ఆలివ్: 14, 73, 11
- నువ్వులు: 14, 40, 42
- సోయా: 16, 23, 58
- వేరుసెనగ: 17, 46, 32
- తవుడు: 20, 39, 35
- పామాయిల్: 49, 37, 9
- నెయ్యి: 62, 29, 4
- కొబ్బరి: 83, 6, 2

మన ఉదాహరణలో ఆ 36 గ్రాములూ పామాయిలే అనుకుందాం. సంతృప్త కొవ్వు 17.6 గ్రాములు. అంటే రోజు కోటా 22లో ముప్పాతికకు పైగా నూనెతోనే అయిపోయింది, పాలూ వెన్నా ఇంకా లెక్కలోకి రాలేదు. అదే 36 గ్రాములు పొద్దుతిరుగుడు నూనె అయితే 4 గ్రాములు. తేడా 13.6 గ్రాములు, 2,000 కేలరీల్లో దాదాపు 6 శాతం. ఈ 6 అన్న అంకె గుర్తుంచుకోండి, పదో అంచెలో కావాలి.

మార్పు చేసేటప్పుడు దేని బదులు ఏది వస్తోందన్నదే ముఖ్యం. సంతృప్త కొవ్వు తగ్గించి ఆ చోట అసంతృప్త కొవ్వు పెడితే రక్తంలో ఎల్‌డీఎల్ కొలెస్టరాల్ (రక్తనాళాల్లో పేరుకునే చెడు రకం) దిగుతుంది. ఆ చోటును పంచదారతోనూ మైదాతోనూ నింపితే గుండెకు కలిసొచ్చేది దాదాపు ఏమీ ఉండదు. అన్నిటికంటే పనికిమాలిన పద్ధతి, పాత నూనె తగ్గించకుండా దాని పైన "మంచి నూనె" రెండు చెంచాలు అదనంగా పోసుకోవడం. చాలా ఇళ్లలో జరిగేది ఇదే.

కొబ్బరినూనె గురించి అడిగేవాళ్లకు: అందులో ఉన్నది మధ్యస్థ గొలుసు కొవ్వు కాబట్టి ఫరవాలేదనే వాదన సగం నిజం. కొబ్బరినూనెలో సగానికి దగ్గరగా ఉండేది 12 కార్బన్ల గొలుసున్న లారిక్ ఆమ్లం. 'ఎంసీటీ' (మధ్యస్థ గొలుసు కొవ్వు) పేరుతో అమ్మే నూనెల్లో ప్రధానంగా ఉండేవి అంతకంటే పొట్టివైన 8, 10 కార్బన్ల ఆమ్లాలు. ఆ నూనెల గురించి చెప్పే గుణాలను కొబ్బరినూనెకు అంటగట్టకూడదు. లారిక్ ఆమ్లం ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది. రుచి కోసం ఒక చెంచా వేస్తే ఇబ్బంది లేదు, ఇంటి నూనెంతా అదే అయితే పై లెక్క వేసి చూసుకోండి.

3. లేబుల్‌ను వెనక నుంచి చదవండి

సీసా ముందువైపు ఉండేది అమ్మేవాళ్ల మాట. వెనక చిన్న అక్షరాల్లో ఉండేదే మీకు పనికొచ్చేది.

"కొలెస్టరాల్ లేదు" అన్న ముద్రను పట్టించుకోకండి. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ లెక్కలోకి వచ్చేంత కొలెస్టరాల్ ఉండదు. "లైట్" అనేది చాలాసార్లు రంగుకూ రుచికీ సంబంధించిన మాట. నూనె ఏదైనా గ్రాముకు 9 కేలరీలే.

ట్రాన్స్ కొవ్వు దగ్గర "0" కనపడితే అక్కడితో ఆగకండి. కొన్ని దేశాల నిబంధనల ప్రకారం ఒక సర్వింగ్‌లో ఫలానా హద్దుకు లోపల ఉంటే సున్నా అని వేసుకోవచ్చు. అమెరికాలో ఆ హద్దు 0.5 గ్రాము. సర్వింగ్ రెండు బిస్కెట్లని రాసి మీరు ఎనిమిది తింటే సున్నా కాస్తా రెండు గ్రాములకు దగ్గర కావచ్చు. అందుకే దినుసుల జాబితాలో "పాక్షికంగా హైడ్రోజనీకరించిన నూనె" అన్న మాట కోసం వెతకండి. అది ఉంటే ప్యాకెట్ తిరిగి అరలో పెట్టేయండి. ద్రవ నూనెకు హైడ్రోజన్ పట్టించి గట్టిపరిచే పద్ధతికి విల్‌హెల్మ్ నార్మన్ 1902లో పేటెంటు తీసుకున్నాడు. ఆ పని మధ్యలో ఆపితే మిగిలిన ద్విబంధాల్లో కొన్ని తమ వంకరను కోల్పోయి తిన్నగా మారతాయి, అదే ట్రాన్స్ కొవ్వు. వంకరగా ఉండే ఒలియిక్ ఆమ్లం 13 డిగ్రీలకే కరుగుతుంది, తిన్నగా మారిన దాని జోడీ ఎలాయిడిక్ ఆమ్లం కరగాలంటే 45 డిగ్రీలు కావాలి. ఎల్‌డీఎల్‌ను పెంచుతూ, మేలు చేసే హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తూ రెండువైపులా దెబ్బతీసేది ఈ రకమే. "పూర్తిగా హైడ్రోజనీకరించిన" అని ఉంటే సంగతి వేరు, అందులో ట్రాన్స్ దాదాపు ఉండదు, కానీ అదంతా సంతృప్త కొవ్వే.

4. ఏ పనికి ఏ నూనె

రసాయన శాస్త్రంలో ఇక్కడికి కావలసింది ఒక్క ముక్క. నూనెను చెడగొట్టే ఆక్సిజన్ దాడి చేసేది ద్విబంధాల పక్కన. ఒక ద్విబంధం ఉన్న ఒలియిక్ ఆమ్లం చెడే వేగం 1 అనుకుంటే, రెండున్న లినోలియిక్‌ది సుమారు 10, మూడున్న లినోలెనిక్‌ది 20 పైన. కాబట్టి:

ముంచి వేయించడానికి బహు అసంతృప్తం తక్కువ, ఏక అసంతృప్తం ఎక్కువ ఉన్న శుద్ధి చేసిన నూనె తీసుకోండి. హై ఒలియిక్ పొద్దుతిరుగుడు అన్నిటికంటే నయం. అది దొరక్కపోతే శుద్ధి చేసిన వేరుసెనగ లేదా తవుడు నూనె.

తాలింపుకూ మామూలు కూరలకూ మీ ఇంట్లో ఉన్న ద్రవ నూనె ఏదైనా సరే. కాగేది రెండు మూడు నిమిషాలు, ఆ తర్వాత తడి తగిలి వేడి 100 డిగ్రీల చుట్టూ ఆగిపోతుంది.

పచ్చిగా, చివర్లో పైన పోసుకోవడానికి గానుగ నూనెలు, వాసన గల ఆలివ్, అవిసె నూనె. అవిసె నూనెలో సగానికి పైగా ఒమేగా-3 రకం ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లమే. దాన్ని పొయ్యి మీద పెడితే కొన్న ప్రయోజనం పొగలో పోతుంది. ఒక మాట: మొక్కల ఒమేగా-3లో కొద్ది శాతమే శరీరంలో చేపనూనె రకం ఒమేగా-3గా మారుతుంది. రెండూ సమానమని ఎవరైనా చెబితే నమ్మకండి.

పొగ మొదలయ్యే ఉష్ణోగ్రత ఎక్కువుంటే చాలు, ఆ నూనె వేపుడుకు పనికొస్తుందనుకోవడం పొరపాటు. ఆ అంకెను ప్రధానంగా నిర్ణయించేది నూనెలో విడిగా తిరిగే కొవ్వు ఆమ్లాల పాలు. శుద్ధి చేస్తే అవి పోతాయి కాబట్టి శుద్ధ నూనెల్లో చాలావరకు 220 డిగ్రీల పైనే పొగలొస్తాయి. ఆక్సీకరణ దానికంటే చాలా ముందే, పొగ లేకుండానే నడుస్తుంది. రెండు నూనెలు కలిపితే తక్కువ వేడికి పొగలొచ్చే నూనె గుణం మాయమైపోదు, అదీ గుర్తుంచుకోండి.

5. కొనడం, దాచడం

నూనెకు శత్రువులు వెలుతురు, గాలి, వేడి, రాగి, ఇనుము. ఎండ తగిలే అరలో మెరిసే పారదర్శక సీసా వద్దు, వెనక వరసలోది తీసుకోండి. ఆరు వారాల్లో అయిపోయేంత పరిమాణమే కొనండి. పెద్ద డబ్బా కొంటే ఒకేసారి ముదురు సీసాల్లోకి మెడదాకా నింపి, వాడే సీసా ఒక్కటే బయట పెట్టండి. సగం ఖాళీ డబ్బా అంటే సగం గాలి డబ్బా.

పొయ్యి పక్కన పెట్టే అలవాటు మానండి. వేడి 10 డిగ్రీలు పెరిగితే చెడే వేగం సుమారు రెట్టింపవుతుంది. రాగి, ఇత్తడి పాత్రల్లో నూనె దాచకండి. పాత సీసా అడుగున ఉన్న నూనె మీదే కొత్తది పోయకండి, పాతదానిలో మొదలైన చెడు కొత్తదానికి అంటుకుంటుంది. సీసాను సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాకే నింపండి. అవిసె నూనె ఫ్రిజ్‌లోనే ఉండాలి, మూత తీశాక నెలా నెలన్నరలో అయిపోవాలి.

హెచ్చరిక: పచ్చి వెల్లుల్లి, పచ్చి మూలికలు వేసిన నూనెను బయట ఉంచకండి. నూనె అడుగున గాలి ఆడదు, బొటులిజం (ప్రాణం తీయగల ఆహార విషం) కలిగించే సూక్ష్మజీవికి కావలసింది అదే. ఆ విషానికి వాసన కూడా ఉండకపోవచ్చు. చేస్తే కొద్దిగా చేసి ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయండి.

6. ముక్కుతో పరీక్ష

రెండు చెంచాల నూనె చిన్న గాజు గ్లాసులో పోసి, పైన చిన్న పళ్లెం మూసి, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో ఐదు నిమిషాలు నిలబెట్టండి. పళ్లెం కొద్దిగా పక్కకు జరిపి వెంటనే ఒక్కసారి గట్టిగా వాసన చూడండి. మొదటి పీల్పే లెక్క. మూడోసారికి ముక్కు అలవాటుపడి ఏమీ చెప్పదు. తాజా నూనె గింజ వాసన వేస్తుంది, శుద్ధి చేసినదైతే దాదాపు ఏ వాసనా వేయదు. చెడినదైతే తడిసి ఆరిన అట్టపెట్టె, మైనపు రంగుపెన్సిళ్లు, మూత తీసిన రంగు డబ్బా గుర్తొస్తాయి. అనుమానంగా ఉంటే ఒక చుక్క నాలుక మీద వేసుకోండి. గొంతులో గీరినట్టుండి నోటికి జిడ్డు పట్టి వదలకపోతే పారబోయండి. గానుగ ఆలివ్ నూనెకు మాత్రం గొంతులో ఘాటు సహజం, దాన్ని చెడు కింద కట్టకండి.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. ఆక్సీకరణలో మొదట పుట్టే పెరాక్సైడ్లకు వాసన లేదు. అవి విరిగి ఆల్డిహైడ్లుగా మారినప్పుడే ముక్కుకు అందుతాయి. వాసన వచ్చిందంటే చెడినట్టు ఖాయం, రాకపోతే తాజా అని ఖాయం కాదు. ల్యాబ్ రిపోర్టు చూసేవాళ్లకూ ఇదే చిక్కు. శుద్ధి చేసిన నూనెకు అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం ప్రకారం పెరాక్సైడ్ విలువ కిలోకు 10 మిల్లీఈక్వివలెంట్లు మించకూడదు, కానీ ఆ అంకె ఒక దశ దాకా పెరిగి తర్వాత తగ్గుతుంది. బాగా చెడిన నూనెకు కూడా తక్కువ అంకె రావచ్చు.

ఫ్రిజ్‌లో పెడితే గడ్డకడితే స్వచ్ఛం, కట్టకపోతే కల్తీ అనే పరీక్ష మానేయండి. గడ్డకట్టడం కొవ్వుల పాళ్లను బట్టి, మైనం తీశారా లేదా అన్నదాన్ని బట్టి జరుగుతుంది. అది కల్తీ గురించి ఏమీ చెప్పదు.

7. కాచడం

మూకుడు సగానికి మించి నింపకండి. థర్మామీటరు మొన నూనె మధ్యలో ఉండాలి, అడుగు తగలకూడదు. 170–180 డిగ్రీల మధ్య వేయించండి. ముక్కలు వేయగానే వేడి 20–30 డిగ్రీలు పడిపోతుంది. రెండు నిమిషాల్లో తిరిగి పైకి రాకపోతే ఒకేసారి ఎక్కువ వేశారన్నమాట. 150 లోపు నానుతూ వేగితే పైపొర గట్టిపడదు, జిడ్డు పడుతుంది. 190 దాటితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, నూనె ఆయువూ తగ్గుతుంది.

ముక్కలకు తడి లేకుండా గుడ్డతో అద్దండి. నీరు కొవ్వును విరగ్గొట్టి ఆమ్లాలను విడదీస్తుంది, అవే రేపటి పొగ. ఉప్పు వేయించాక చల్లండి. రాలిన పిండి నలుసులను వాయికీ వాయికీ మధ్య చిల్లుల గరిటెతో తీసేయండి. అవి మాడుతూ ఉంటే నూనె నల్లబడుతుంది.

ఒక సంగతి చాలామందికి తెలియదు. వేగేటప్పుడు ముక్క లోపలి ఆవిరి బయటికి తోస్తూ ఉంటుంది, నూనెకు లోపలికి దారి దొరకదు. పీల్పు ఎక్కువగా జరిగేది బయటికి తీశాకే. ముక్క చల్లబడుతూ లోపలి ఆవిరి కుంచించుకుపోయి, పైన అంటిన నూనెను లోపలికి లాక్కుంటుంది. కాబట్టి మూకుడు మీదే గరిటెను గట్టిగా నాలుగైదు సార్లు విదిలించి, వెంటనే కాగితం మీద ఒక వరసగా పరిచి, పైనుంచీ అద్దండి. గిన్నెలో కుప్ప పోసి తర్వాత కాగితం వేస్తే ఆలస్యమైపోయినట్టే. ఎంత నూనె పట్టిందో తెలియాలంటే చల్లటి నూనెతో సహా మూకుడును ముందూ, చల్లారాక మళ్లీ తూయండి. ముక్కల్లోని నీరు ఆవిరై పోయింది కాబట్టి తగ్గిందంతా ఇంచుమించు తిండిలోకి, కాగితంలోకి వెళ్లిన నూనే.

హెచ్చరిక: పొగ మొదలైతే వెంటనే పొయ్యి ఆపండి. మంట అంటుకుంటే నీళ్లు పోయకండి, మూకుడు కదపకండి. పొయ్యి ఆపి, లోహపు మూతను పక్కనుంచి జరుపుతూ కప్పి, పూర్తిగా చల్లారేదాకా తీయకండి.

8. మళ్లీ వాడొచ్చా?

"ఎన్నిసార్లు వాడొచ్చు" అనే ప్రశ్నకు ఒకే అంకె చెప్పడం సరికాదు. అరగంట బంగాళదుంప ముక్కలు వేగిన నూనె, రెండు గంటలు పిండి పూసిన మాంసం వేగిన నూనె ఒకటి కాదు. సార్లు కాక నిమిషాలు లెక్కపెట్టండి. సీసాకు అట్టముక్క కట్టి తేదీ, ఏం వేయించారు, 150 పైన ఎన్ని నిమిషాలుంది రాయండి. ఇంటి వాడకానికి మా లెక్క ఇది: పిండి పూత లేని కూరగాయలకైతే మొత్తం గంటన్నర, పిండి పూతకూ మాంసానికీ ముప్పావుగంట, చేప వేగిన నూనె ఒక్కసారే. హద్దు దాటితే చూడ్డానికి బాగున్నా వద్దు.

దాచే పద్ధతి: పొయ్యి ఆపి 50 డిగ్రీల లోపు చల్లారనివ్వండి. స్టీలు వడపోతలో ఒకసారి, నూలుగుడ్డలో లేదా కాగితంలో రెండోసారి వడకట్టండి. అడుగు మడ్డి వంచుకోకండి, ఆ రెండు చెంచాలు వదిలేయండి. చిన్న సీసాలో నిండా పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. నెల దాటితే వాడొద్దు. తాజా నూనె డబ్బాలో మాత్రం ఎప్పుడూ కలపకండి.

మళ్లీ కాచినప్పుడు చూడాల్సింది నురగ. తాజా నూనెలో ముక్క వేస్తే పెద్ద బుడగలు లేచి, లేచిన చోటే పగిలిపోతాయి. వాటి మధ్య నూనె కనపడుతూ ఉంటుంది. అలసిన నూనెలో బుడగలు ఆవగింజలంత చిన్నవై, పగలకుండా ఒకదానికొకటి అంటుకుని, పసుపు నురగగా అంచు వెంబడి పైకి పాకుతాయి. ముక్కలు తీసేశాక కూడా నురగ అర నిమిషం నిలిచిందంటే ఆ నూనె పని అయిపోయింది. మిగతా గుర్తులు: గరిటె ఎత్తితే సన్నటి తీగలా జారడం, 180 లోపే పొగ, మూకుడు అంచున తుడిస్తే పోని జిగురు పొర. రంగు ఒక్కదాన్నే నమ్మకండి. పిండిలోని చక్కెర, ప్రొటీన్ వల్ల మంచి నూనె కూడా త్వరగా ముదురుతుంది, ఉత్త బంగాళదుంపలు వేగిన చెడు నూనె తేటగా ఉండొచ్చు. దినుసుల జాబితాలో ఐఎన్ఎస్ 900ఎ ఉంటే అది నురగను అణిచే సిలికోన్. ఆ నూనెలో నురగ పరీక్ష ఆలస్యంగా పనిచేస్తుంది.

పెద్ద వంటిళ్లు నడిపేవాళ్లు మొత్తం ధ్రువ పదార్థాలను (నూనె కాగి విరిగేకొద్దీ పెరిగేవి) కొలిచే మీటరు కొనుక్కోవడం మంచిది. చాలా దేశాల్లో హద్దు 25 శాతం చుట్టూ ఉంది. తాజా నూనెలోనే కొన్ని శాతం ఉంటాయి కాబట్టి కొత్త నూనెతో మొదటి రీడింగు తీసి రాసుకోండి. అలసిన నూనెలో కాస్త కొత్తది కలిపితే మీటరు అంకె తగ్గుతుంది, పాత చెత్త ఎక్కడికీ పోదు.

9. పారబోయడం

సింకులో వద్దు. గొట్టంలో గడ్డకట్టి దారి మూస్తుంది. చల్లారిన నూనెను పాత సీసాలో పోసి మూత బిగించి చెత్తలో వేయండి, వాడిన నూనె సేకరించేవాళ్లుంటే వాళ్లకివ్వండి. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. అవిసె లాంటి బహు అసంతృప్త నూనె గుడ్డలో ఆక్సీకరణ చెందుతూ తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. నీళ్లలో తడిపి, విప్పి, బయట ఆరబెట్టండి.

10. ఫలితం చూసుకోవడం

నూనె మార్చి, కొలత తగ్గించి, ఎనిమిది వారాలు ఆగి లిపిడ్ ప్రొఫైల్ చేయించండి. మొదటిసారి చేయించిన ల్యాబులోనే, అదే వేళకు, అదే రకంగా పరగడుపున. మధ్యలో జ్వరం వచ్చినా, బరువు బాగా తగ్గినా, మందులు మారినా పోలిక చెడుతుంది.

రిపోర్టులో ఎల్‌డీఎల్‌ను చాలాచోట్ల నేరుగా కొలవరు, ఫ్రీడ్‌వాల్డ్ సూత్రంతో లెక్కగడతారు: మొత్తం కొలెస్టరాల్‌లోంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతునూ తీసేయడమే. మొత్తం 212, హెచ్‌డీఎల్ 44, ట్రైగ్లిజరైడ్లు 160 అయితే 212 – 44 – 32 = 136. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు, నేరుగా కొలవమని అడగండి.

ఎంత తగ్గాలి? కేలరీల్లో 1 శాతం సంతృప్త కొవ్వు పోయి ఆ చోట బహు అసంతృప్తం వస్తే ఎల్‌డీఎల్ డెసిలీటరుకు సుమారు 2 మిల్లీగ్రాములు దిగుతుంది. రెండో అంచెలో వచ్చిన 6 శాతానికి 12. అంటే 136 ఉన్నది 124 దగ్గరకు రావాలి. నూనె ఒక్కటే మార్చి 40, 50 తగ్గాలని ఎదురుచూసేవాళ్లు నిరాశపడేది ఇక్కడే. అంతకంటే చిక్కు, తిండి ఏమీ మారకపోయినా ఒకే మనిషికి రెండు పరీక్షల మధ్య 10 శాతం దాకా తేడా రావచ్చు. 136లో 12 అంటే 9 శాతం. కాబట్టి 124 చూసి సంబరపడకండి, 140 చూసి పాత నూనెకు తిరిగిపోకండి. అదే పద్ధతి కొనసాగించి, మరో ఎనిమిది వారాలకు ఇంకోసారి చేయించి, రెండింటి సగటును మొదటి అంకెతో పోల్చండి.